కోడ్ అనీసెటు ఫోనుకు వెళ్ళింది

ఫిబ్రవరి 2

కోడ్ పంపించాం అంటుంది తెర. మీ నంబరుకే పంపించాం అంటుంది. చివరి రెండంకెలు చూపిస్తుంది, 41. అది నా నంబరు కాదు. అనీసెటుది. అనీసెటు ఫోను అనీసెటు దగ్గరే ఉంది. అనీసెటు మా ఊళ్ళో, వికెకె కొండ మీద, మట్టి కింద ఉన్నాడు.

ఇవాళ్టికి ఇంతే. చేతులింకా కోడి కొవ్వు వాసన కొడుతున్నాయి.

ఫిబ్రవరి 3

కోపం తగ్గలేదు. వరసగా రాస్తే బుర్ర కుదుటపడుతుందేమో చూస్తాను.

మా టిమోర్‌ని ఒకప్పుడు పోర్చుగీసువాళ్ళు ఏలారు, అందుకే మాకు వాళ్ళ పాస్‌పోర్టు. నా పోర్చుగీసు పాస్‌పోర్టు గడువు అయిపోయింది. కొత్తది వచ్చింది. పాతది కన్సులేట్ వాళ్ళు ఉంచేసుకున్నారు. ఈ దేశంలో ఎప్పటికీ ఉండొచ్చని నాకు అనుమతి ఎప్పుడో ఇచ్చేశారు కానీ, దానికి కాగితం లేదు, కార్డు లేదు. ఎక్కడో కంప్యూటర్లో ఉంటుంది. అది పాత పాస్‌పోర్టు నంబరుకు కట్టి ఉంది. దాన్ని విప్పి కొత్త నంబరుకు కట్టకపోతే, నేను ఊరెళ్ళి తిరిగొచ్చేటప్పుడు విమానం కౌంటరు దగ్గర అమ్మాయికి నా పేరు మీద ఏమీ కనపడదు. ఏమీ కనపడకపోతే ఎక్కనివ్వరు. మా రాజధాని డిలీలోనో, దారిలో బాలీలోనో ఉండిపోతాను. ఇక్కడ డంగానన్‌లో నా కోళ్ళ ఫ్యాక్టరీ ఉద్యోగం ఇంకొకరిది అయిపోతుంది.

విప్పి కట్టాలంటే లోపలికి వెళ్ళాలి. లోపలికి వెళ్ళాలంటే కోడ్ కావాలి. కోడ్ 41కి వెళ్తుంది.

ఎందుకంటే మా అందరికీ అప్పట్లో దరఖాస్తు పెట్టింది మా అన్న అనీసెటే. ముందు మా ఇల్లు, తరవాత మా వీధి, తరవాత ఆదివారం ప్రార్థనకు వచ్చే టిమోర్ వాళ్ళలో సగం మంది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, పక్కన ఎవరో ఒకరు పెట్టిన అన్నం ప్లేటుతో, ఒక్కొక్కరి ముఖం ఫోటో తీశాడు. ఫోను నంబరు అన్నచోట అందరికీ తన నంబరే కొట్టాడు. "మీకు ఇంగ్లీషు రాదు. ఏ కబురొచ్చినా నాకే రానీ, నేను చెప్తాను." మేం అందరం అబ్బ, ఎంత హాయి అనుకున్నాం. ఒక్కళ్ళమూ అడగలేదు, నువ్వు లేకపోతే ఎలా అని. అలా అడగడం మాలో లేదు.

పోయిన ఏప్రిల్లో ఫ్యాక్టరీ బస్సులో, కిటికీకి తల ఆనించి, అలాగే పోయాడు. పక్కవాడు నిద్రపోతున్నాడనుకున్నాడట. శవాన్ని ఊరికి పంపించాం. పెట్టెలో ఎర్మెలిందా అత్త వాడి నేత పంచె పెట్టింది, సిగరెట్లు పెట్టింది, ఫోను పెట్టింది. చనిపోయినవాడి వస్తువు వాడితోనే వెళ్ళాలి, లేకపోతే వెతుక్కుంటూ వస్తాడు.

ఛార్జర్ కూడా పెట్టింది.

ఏప్రిల్ 27కి ఏడాది. ఆ రోజు సమాధి దగ్గర ఇంటిల్లిపాదీ నల్లబట్ట తీసేయాలి. తోడబుట్టింది నేనొక్కదాన్నే. ఏడాదిగా ఫ్యాక్టరీ తెల్లకోటు కింద నల్ల చొక్కానే వేస్తున్నాను. నేను అక్కడ ఉండి తీరాలి. అంటే వాడి సమాధికి వెళ్ళాలంటే ఆ సమాధిలోకి వెళ్ళిన కోడ్ కావాలి.

ఇది ఎవరికైనా చెప్తే నవ్వుతారు. నేనే నవ్వుతాను, నాది కాకపోతే.

ఫిబ్రవరి 5

సర్కారు హెల్ప్‌లైన్. భోజన విరామం మొత్తం వాళ్ళ సంగీతం విన్నాను. చివరికి ఒకతను.

"మీ ఖాతాలో ఉన్న నంబరుకు కోడ్ పంపించామండీ."

"ఆ నంబరు మా అన్నది. ఆయన చనిపోయాడు."

"అయ్యో, చాలా బాధగా ఉంది. మరి ఆ ఫోను ఎవరి దగ్గర ఉందండీ?"

"ఆయన దగ్గరే."

తన ముందున్న కాగితంలో ఏముందో అదే చదివినట్టున్నాడు.

"ఖాతాలో నంబరు ఉన్నవారు స్వయంగా ఫోన్ చేస్తే పని తొందరగా అవుతుందండీ."

"చేయమని చెప్తాను," అన్నాను.

"థాంక్యూ అండీ. ఇంకేమైనా సహాయం కావాలా?"

ఫోను గోడకేసి కొట్టేదాన్నే. నాకున్నది అదొక్కటే.

నంబరు మార్చుకోడానికి వేరే ఫారం ఉందట. నింపాను. అన్న అప్పట్లో వాడిన ఈమెయిలు ఏదో రాయమంది. నాకేం తెలుసు? తెలియదు అని రాశాను. తెలియదు అనేది ఈమెయిలు కాదు అంది ఫారం.

ఫిబ్రవరి 9

వంటింట్లో గొడవ.

మా పినతండ్రి కొడుకు గాస్పార్, నాతో పాటే కోళ్ళు కోస్తాడు, ఈ ఇంట్లోనే పై గది. వాడి పాస్‌పోర్టు కూడా ఎండాకాలానికి అయిపోతుంది. వాడిదీ 41కే.

"ఒక పని చేద్దాం," అన్నాడు మొక్కజొన్న నములుతూ. "ఊరికి కబురు పంపుదాం. కొంచెం తవ్వి, ఫోను తీసి, ఛార్జింగ్ పెట్టి…"

అత్త గరిటెతో వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. "నోర్ముయ్! చచ్చినవాణ్ణి లేపుతావా?"

"వాణ్ణి లేపొద్దత్తా, ఫోనునే లేపుదాం."

ఇంకొకటి పడింది.

"అసలు ఫోను ఎందుకు పెట్టావత్తా?" అన్నాను. అడగనే అడిగేశాను.

"వాడిది వాడికి పెట్టాను. నీది నువ్వు రాసుకోవాల్సింది. మీకందరికీ చేతులు లేవూ? వాడొక్కడి మెడకే ఎందుకు తగిలించారు?"

నేను ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాను. అప్పటికే తరిగి ఉన్నాయి.

ఫిబ్రవరి 20

జవాబు లేదు.

మార్చి 1

మీ ఫారం అందింది అని ఒకటి వచ్చింది. అంతే. అందింది.

మార్చి 9

41కి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో రాయను.

మోగింది.

మార్చి 10

పెట్టేశాను నిన్న. ఎవరైనా ఎత్తేలోపే పెట్టేశాను. రోజంతా ఫ్యాక్టరీ లైను దగ్గర ముక్కు కారుతూనే ఉంది. చలి వల్ల. మాంసం గది కదా.

గాస్పార్ చెప్పాడు, వాడని నంబర్లు కంపెనీ వాళ్ళు ఇంకొకరికి అమ్మేస్తారట. అంతే. దెయ్యం కాదు, ఏమీ కాదు. నేను ఏమీ అనుకోలేదు కూడా.

మళ్ళీ చేశాను. ముసలావిడ గొంతు.

"ఎవరు?"

"నా పేరు జుల్మీరా. ఈ నంబరు మా అన్నది."

"కాదు, నాది. చలికాలం ముందు కొనుక్కున్నాను."

"తెలుసండీ. మీకు కోడ్‌లు వస్తుంటాయి కదా? ఆరంకెలవి. అవి నాకు కావాలి."

"ఓహో! నువ్వా!" గొంతు ఒక్కసారి పెరిగింది. "ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను ఈ కాల్. మా బ్యాంకువాడు చెప్పాడు, కోడ్ అడిగినవాడు దొంగ అని. మొన్న ఒకడు కాలు విరిగింది అన్నాడు. నీ కథేంటో చెప్పు, విందాం."

చెప్పాను. అన్న, పెట్టె, పంచె, ఫోను.

"ఛార్జర్ కూడానా?"

"ఛార్జర్ కూడా."

"ఇంత కంటే మంచి అబద్ధం దొరకలేదుటే నీకు?" అని పెట్టేసింది.

మార్చి 12

ఎత్తడం లేదు.

మార్చి 14

సరే. నువ్వు ఎత్తకపోతే కోడ్ నీ దగ్గరికే వస్తుంది. విరామంలో ఒకసారి, షిఫ్టు అయ్యాక ఒకసారి, బస్సులో ఒకసారి. పంపు, పంపు, మళ్ళీ పంపు అని నొక్కుతూనే ఉన్నాను. ఆవిడ మధ్యాహ్నం కునుకు తీసే మనిషిలా ఉంది గొంతు చూస్తే. మధ్యాహ్నం ఎక్కువ నొక్కాను.

తప్పే. రాసుకుంటున్నాను కానీ మానను.

మార్చి 15

ఎక్కువసార్లు ప్రయత్నించారు, రేపు రండి అంది తెర. రేపు వస్తాను.

మార్చి 17

సెలవు. ఇక్కడివాళ్ళ పెద్ద పండగ. బయట బాజాలు, ఆకుపచ్చ టోపీలు. ఊరంతా తాగి ఊగుతోంది. 41 నుంచి నాకు ఫోను. తెర మీద పేరు ఇంకా "అనీసెటు" అనే ఉంది. మార్చలేదు నేను. ఆ పేరు అలా వెలిగేసరికి కుర్చీ లోంచి లేచి నిలబడ్డాను.

"ఆపుతావా, ఆపవా?"

"మీరు చెప్తే ఆపుతాను."

"నా కునుకు పాడు చేశావ్, నా పిల్లి భయపడి సోఫా కిందికి దూరింది. ఎవరికీ చెప్పొద్దు అని ఇక్కడ పెద్ద అక్షరాలతో రాసుంది, చదవనా?"

"ఆ ఎవరికీలో నేను లేనమ్మా. అది నా కోడే. ఒక్కసారి చెప్తే లోపలికి వెళ్తాను. వెళ్ళగానే మీ నంబరు తీసేసి నాది పెడతాను. ఇక మీకు జన్మలో రాదు."

అటు పిల్లి అరిచింది.

"తీసేస్తావా? నా నంబరు?"

"అదే కదా నేను చేయబోయేది!"

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా, తిక్కదానా! ఇన్నాళ్ళూ అన్నా, పెట్టే, ఛార్జరూ అంటూ. రాసుకో."

రాసుకోలేదు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు నొక్కాను. తెరుచుకుంది. నా ముఖం, చాలా ఏళ్ళ కిందటిది, బుగ్గలతో. నంబరు మార్చాను. కొత్త పాస్‌పోర్టు ఫోటో తీసి పంపాను. తెర అంది: మీ వివరాలు పరిశీలనలో ఉన్నాయి.

ఆవిడ పేరు బెరిల్. ఉండేది సముద్రం అవతల, గ్రిమ్స్‌బీలో. ఒకప్పుడు తంబోలా హాల్లో నంబర్లు పిలిచేదట. అందుకే అంత స్పష్టంగా చెప్పింది.

"మిగతావాళ్ళెవరు?" అంది. "నీవి నువ్వు కొట్టినవి. మరి నువ్వు కొట్టకముందు నుంచీ వారంవారం వచ్చేవి ఎవరివి?"

చెప్పాను. వీధీ, ప్రార్థనా, అందరూ.

"దేవుడా," అంది. "అందర్నీ ఒక్కసారే తీసుకురా. ఆదివారం. మధ్యాహ్నం మాత్రం వద్దు."

మార్చి 23

ఇవాళ జరిగింది ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది. చెప్పుకోవలసినవాడు లేడు కాబట్టి ఇక్కడ.

ప్రార్థన అయ్యాక అందరూ మా వంటింట్లోకి. మెట్ల మీద, గుమ్మంలో, చేతుల్లో పాస్‌పోర్టులు. అత్త గుమ్మడికాయ వేసి మొక్కజొన్న ఉడికించింది. బల్ల మీద నా ఫోను, స్పీకరు పెట్టి. ఒక్కొక్కరూ అన్న కూర్చున్న కుర్చీలోనే కూర్చుని వివరాలు కొట్టడం, నేను "వస్తోంది" అనడం, గ్రిమ్స్‌బీ నుంచి బెరిల్ గొంతు.

"సిద్ధమా? నాలుగూ… సున్నా… ఏడూ… జంట ఎనిమిదులు… ఒకటి! తరవాత ఎవరు?"

గాస్పార్ "హౌసీ!" అని అరిచాడు.

"ఎవడ్రా అది? ఒక్క కోడ్‌కి హౌసీ ఏంటి? కూర్చో!"

ఇల్లంతా నవ్వు. ఏడాదిగా ఆ వంటింట్లో ఎవరూ అంత నవ్వలేదు. నల్లబట్టల్లో ఉన్నామని మరిచిపోయారు. ఒక ముసలాయన పాస్‌పోర్టు చూసి పుట్టిన తేదీ కొడితే తప్పు అంది తెర. మూడుసార్లు. "తాతా, నువ్వు ఎప్పుడు పుట్టావో నీకే తెలియదా?" అంటే, "పుట్టినప్పుడు యుద్ధం. ఫాదరు ఏ తేదీ రాస్తే అదే. ఏం రాశాడో అనీసెటుకి తెలుసు," అన్నాడు. అత్త ఆయన ఇంటికి మనిషిని పంపి బాప్టిజం చీటీ వెతికించి తెప్పించింది.

చివర్లో బెరిల్ అడిగింది, "అంత మందికి మీ అన్న ఎంత పుచ్చుకున్నాడు?"

"అన్నం," అన్నాను.

"పిచ్చోడు," అంది. మర్యాదగానే అంది.

మార్చి 31

గాస్పార్ పాత పాస్‌పోర్టు ఇంకా బతికే ఉంది, వాడికి తొందరే లేదు. కొత్త ఫోటో పెట్టాడు, అది ఆమోదం అయిపోయింది. నాది పరిశీలనలో ఉంది.

ఏప్రిల్ 4

పుట్టిన తేదీ తెలియని తాతకి వచ్చింది. నాది పరిశీలనలో ఉంది.

ఏప్రిల్ 10

మళ్ళీ హెల్ప్‌లైన్. "కొన్ని తొందరగా అవుతాయండీ, కొన్నిటికి సమయం పడుతుంది."

"నాది ఏ రకం?"

"సమయం పట్టే రకం అనుకుంటానండీ."

"టికెట్ ఇరవై ఒకటికి."

"ప్రయాణం మీ ఇష్టం మీద ఆధారపడి ఉంటుందండీ. తిరిగొచ్చేటప్పుడు ఇబ్బంది కలగొచ్చు. కలగకపోవచ్చు."

ఈసారి అమ్మాయి. మంచి గొంతు. అరిచాను. పాపం అనిపించింది తరవాత. అయినా ఆ జీతం అందుకే ఇస్తారు, మా తిట్లు తినడానికి.

ఏప్రిల్ 16

అమ్మ.

"ఏడాది విందుకి దున్నని మాట్లాడాం. పందులు రెండు. మీ మావయ్యలు దిగువ ఊళ్ళ నుంచి వస్తున్నారు. నువ్వు ఎప్పుడు దిగుతావ్?"

చెప్పాను. పరిశీలన అనే మాట మా భాషలో ఎలా చెప్పాలో తెలియక, ఇంకా చూస్తున్నారు అన్నాను.

"ఏం చూస్తున్నారు? నీ ముఖమా? ఇన్నేళ్ళు వాళ్ళ కోళ్ళు కోశావు, చూడలేదా?"

"వచ్చేస్తానమ్మా. ఏమైతే అదవుతుంది."

"రావద్దు."

"అమ్మా…"

"నువ్వు ఇక్కడ ఇరుక్కుంటే మీ నాన్న మందులకి ఎవరు పంపుతారు? వాడెలాగూ లేడు. నువ్వూ ఇక్కడికొచ్చి కూర్చుంటావా? నేను మావయ్యలకి చెప్పుకుంటాను. రావద్దన్నాను, అంతే."

"వాయిదా వేయండి."

"ఏడాది దాటి నలుపు ఉంచుకుంటే వాడికి దారి దొరకదు. నీకు తెలుసు."

ఆవిడ ఏడవలేదు. నేనూ ఏడవలేదు. నేను అసలు ఏడ్చే రకం కాదు.

ఏప్రిల్ 20

ఈస్టర్. వెళ్తాను. పెట్టె సర్దాను.

ఏప్రిల్ 21

వెళ్ళలేదు.

ఏప్రిల్ 22

మా సూపర్‌వైజర్ కెవిన్: "నువ్వు సెలవులో ఉన్నావనుకున్నానే?"

"నేనూ అలాగే అనుకున్నాను," అన్నాను.

ఏప్రిల్ 27

పొద్దున వీడియోలో చూశాను. అక్కడ సాయంత్రం ఎండ. కొండ మీద అందరూ. ఎవరో ఫోను పట్టుకున్నారు, కానీ సగం సేపు వాళ్ళ బొటనవేలే కనపడింది. అమ్మ తలకి కట్టుకున్న నల్లగుడ్డ విప్పింది. జుట్టు అంత తెల్లబడిందని నాకెవరూ చెప్పలేదు. మావయ్యలు విప్పారు, పిల్లలు విప్పారు. పువ్వుల గౌన్లు, ఎర్ర చొక్కాలు. తరవాత సంగీతం పెట్టారు. నెట్ పోయింది.

ఇక్కడ అత్తా వాళ్ళూ చర్చి హాల్లో తీసేశారు. అత్త పసుపు జాకెట్టు నా ఒళ్ళో పెట్టి, నా కాలరు మీద చెయ్యి వేసింది.

"తియ్యవే. ఇక్కడ తీసినా చెల్లుతుంది. ఫాదరు కూడా అన్నాడు."

"చెయ్యి తియ్యత్తా."

"ఎందుకే ఈ మొండితనం?"

"నాది పరిశీలనలో ఉంది," అన్నాను.

ఇంటికి ఒక్కదాన్నే వచ్చాను. పడుకుందామంటే ఫోను. అనీసెటు అని వెలిగింది.

"తంబోలా అయిపోయిందన్నావ్," అంది బెరిల్. "మళ్ళీ ఒకటొచ్చింది. కోడ్ కాదు. 'మీ పాస్‌పోర్టు గడువు త్వరలో ముగుస్తుంది, ఖాతాలో వివరాలు మార్చుకోండి' అని. పేరు పలకలేను. ఎ, ఎన్, ఐ…"

"అనీసెటు."

"ఓ."

"అందరివీ చేశాం. వాడిది ఎవరూ గుర్తుపెట్టుకోలేదు."

"ఏం చేద్దామంటావ్? నేను ఊరుకోగలను. చెరిపేస్తాను."

"వద్దు. ఇంకా వస్తూనే ఉంటాయి. నంబరు తీసేస్తాను."

శవాన్ని పంపేటప్పుడు తీసిన వాడి పాస్‌పోర్టు ఫోటో నా దగ్గర ఉంది. నంబరు కొట్టాను, పుట్టిన తేదీ కొట్టాను. బెరిల్ కోడ్ చదివింది. ఈసారి పాట పాడినట్టు కాదు, మెల్లగా, ఒక్కొక్క అంకె.

తెరుచుకుంది. వాడి ముఖం. చొక్కా బొత్తాలు పైదాకా పెట్టుకుని, నవ్వు ఆపుకుంటున్నట్టు. నవ్వితే ఫోటో తిప్పి పంపేస్తారని మా అందరికీ చెప్పినవాడు.

"ఉన్నావా?" అంది బెరిల్.

"ఉన్నాను."

"ఏం రాసుంది?"

ఇంగ్లీషు నేను నేర్చుకుంది కోడి ప్యాకెట్ల మీద, టీవీ కింద వచ్చే అక్షరాల మీద. అయినా ఇది చదవగలను. పైకే చదివాను. ఈ వ్యక్తి ఈ దేశంలో గడువు లేకుండా నివసించవచ్చు. పని చేయవచ్చు. చదువుకోవచ్చు. దేశం విడిచి వెళ్ళి తిరిగి రావచ్చు.

"అంతేనా?"

"అంతే."

పోయినవాడని నొక్కడానికి ఎక్కడైనా ఉందేమో అని పైనుంచి కిందిదాకా వెతికాను. లేదు. పెళ్ళయిందా అని ఉంది. పేరు మారిందా అని ఉంది. ఇల్లు మారిందా అని ఉంది.

ఈ ఏడాదంతా వాణ్ణి ఎన్ని తిట్లు తిట్టానో. ఈ పుస్తకంలోనూ, బయటా. తెర వంక చూస్తూ, బెరిల్ వింటోందని కూడా మరిచిపోయి, మా భాషలో అన్నాను, "తిరిగి రావచ్చంట. మరి రావేం అన్నా?"

బెరిల్‌కి అర్థం కాలేదు. ఫోను మాత్రం పెట్టేయలేదు. చాలాసేపు. పిల్లి అరుపు, కెటిల్ చప్పుడు వినపడుతూనే ఉన్నాయి. "చలి వల్ల" అని రాయబోయాను. ఇల్లు వెచ్చగానే ఉంది.

తరవాత ముక్కు తుడుచుకుని, వాడి ఖాతాలో నా నంబరు పెట్టాను.

మే 7

వచ్చింది. షిఫ్టు మధ్యలో, చేతి తొడుగులతోనే చూశాను, తెర అంతా జిడ్డు. కొత్త పాస్‌పోర్టు నంబరు ఎక్కింది. కింద అదే వాక్యం. వాడి పేజీలో ఉన్నదే, అక్షరం తేడా లేదు.

కెవిన్‌ని సెలవు అడిగాను. మళ్ళీనా అన్నాడు. మళ్ళీ కాదు, మొదటిసారి అన్నాను. చాలా గట్టిగా అన్నట్టున్నాను, లైను మొత్తం తిరిగి చూసింది. ఇచ్చాడు.

విరామంలో అమ్మకు చేశాను.

"వస్తున్నానమ్మా. టికెట్ తీస్తున్నాను."

"ఇప్పుడొచ్చి ఏం చేస్తావే? అంతా అయిపోయింది. దున్న తినేశారు. అందరం నలుపు తీసేశాం."

"నేను తీయలేదు," అన్నాను.